నక్క గారింటి పెళ్లి కవర్లు

కొండవార కోళ్లపేటలో ఆ వారమంతా ఒకటే మాట. నక్క చిదంబరం రెండో కూతురి పెళ్లట, పేటంతా కదిలి రావాలట. మొదటి అక్షింతలు వేసేది పెద్ద పుంజు వీరభద్రమేనట! ఆ కబురు విన్నప్పటి నుంచి ఆయన తురాయి దించితే ఒట్టు.

శుభలేఖల కవర్లు చేసే పని గోమతికి వచ్చింది. కుర్ర పెట్ట. నోరు పెద్దది, పనితనం ఇంకా పెద్దది. మోదుగాకు మడిచి, తుమ్మజిగురుతో అతికించి, జాకెట్టుకి లైనింగ్ వేసినట్టు లోపల రంగుల అస్తరు వేసిందంటే, జనం శుభలేఖ పారేసి కవరు దాచుకునేవారు.

"అస్తరుకి ఏం వేయమంటావు చిదంబరం మామా? పట్టా, పూలరేకులా?"

"పట్టుకి తగలెయ్యడం దేనికమ్మాయ్? ఇవిగో, ఈకలు. సంతలో కొన్నా." నక్క మూట విప్పాడు.

గోమతి ఒకటి పైకి తీసింది. ఇటిక రంగు, చివర తెల్లచుక్క. అది సోమిదేవి పిన్ని తోకలోది! పోయిన ఎండాకాలం ఇదే నక్క పెద్దకూతురి పెళ్లికని ఇంటికొకరు చొప్పున వెళ్లారు. ఒక్కరూ తిరిగి రాలేదు. "మా ఊరి గాలి పడింది, ఉండిపోయారు" అని చిదంబరమే వచ్చి చెప్పాడు. పేట నమ్మింది.

"ఏంటలా చూస్తున్నావ్?"

"రంగు బాగుంది మామా."

"పర్లేదే, కోళ్లకి బుర్ర లేకపోయినా కళ్లున్నాయి!" నవ్వుకుంటూ పోయాడు.

గోమతి వీరభద్రం దగ్గరికి ఒక్క పరుగు తీసింది.

"పెదనాన్నా, ఆ పెళ్లిలో భోజనం మనకి కాదు. మనమే భోజనం!"

"మొదలెట్టావూ? నాకింత మర్యాద దక్కుతుంటే ఓర్వలేక ఈ ఏడుపు."

"మరి మీ తమ్ముడు సూర్యం ఇంకా రాలేదేం?"

"వాడికక్కడ సకల మర్యాదలూ జరుగుతున్నాయి. నీ వాదనలు ఆపి, పోయి కవర్లు అతికించు!"

సరే, అతికిస్తానంది. అస్తరు అంచుకి కాస్త లోపలికి కోసింది. మడత ముడత పడకుండా పైభాగానికే జిగురు రాసింది. ఏ లోటూ చేయలేదు. కాకపోతే ఏ ఇంటి కవరులో ఆ ఇంటివాళ్ల ఈకలే వేసింది.

చిదంబరం పైన పేర్లు చూసుకుని, మురిసిపోతూ ఇంటింటికీ పంచి వెళ్లాడు. వీరభద్రం నలుగురి మధ్యా నిలబడి, గొంతు సవరించుకుని తన కవరు తెరిచాడు. లోపల నల్లపచ్చ ఈక. పేటలో అంత పొడుగు తోక సూర్యానికి తప్ప ఇంకెవరికీ లేదు.

"అయ్యో, మా ఆయన!" పక్కన కాశమ్మ కవరు గుండెకి హత్తుకుని గొల్లుమంది.

"ఇప్పుడు వెళ్దామా పెదనాన్నా, అక్షింతలకి?" అంది గోమతి.

ఆయన తురాయి వాలిపోయింది.

పెళ్లినాడు మగపెళ్లివారి ముందు విస్తళ్లు వేశారు. విస్తట్లో ఉప్పు తప్ప ఏమీ లేదు. "కోళ్లేవండీ బావగారూ?" అని వియ్యంకుడు ఒకసారి అడిగాడు. రెండోసారి అడగలేదు, పెళ్లికొడుకుని లేవదీసుకుని పోయాడు.

చిదంబరం రొప్పుతూ పేటకొచ్చి పడ్డాడు. కోళ్లన్నీ ఇంటికప్పుల మీదున్నాయి.

"పేరుపేరునా పిలిచానే! ఒక్కరూ రారేం?"

"పోయినసారి వచ్చినవాళ్లు మొన్ననే ఇళ్లకి చేరారు మామా, నీ కవర్లలోనే," అంది గోమతి పైనుంచి. "చుట్టాల్ని ఇంట్లో వదిలేసి ఎలా వస్తాం?"

నీతి: కవరు మీద మీ పేరు ఎంత అందంగా రాశారని కాదు, లోపల అస్తరు ఎవరి ఈకలతో వేశారో చూడండి.