చిటికెలపాలెం పెళ్లివారు

"మకరందా! ఒరే మకరందా! ఎక్కడ చచ్చావురా?"

"శుభమా అని పెళ్లి పెట్టుకుని అవేం మాటలే కోడలా!" అని నాయనమ్మ కసిరింది.

"వస్తున్నానమ్మా, చిటికెలో!" అన్నాడు పెళ్లికొడుకు మిద్దె మీంచి. చిటికె కూడా వేశాడు. వేసి, మళ్లీ మబ్బుల్ని చూస్తూ కూర్చున్నాడు.

అనగనగా అని చెప్పుకునే కథలు ఏదో ఒక రాజ్యంలో మొదలవుతాయి. ఈ కథ మాత్రం ఆ చిటికెలో మొదలైంది పిల్లలూ.

ఆ ఊరి పేరు చిటికెలపాలెం. అక్కడ ఎవరిని ఏది అడిగినా చిటికెలో అయిపోతుందనేవారు. కుమ్మరి వేసవిలో అడిగిన చల్లకుండను చిటికెలో ఇస్తానని చలికాలంలో ఇచ్చేవాడు. వైద్యుడు రెప్పపాటులో వస్తానని చెబితే, ఆయన వచ్చేసరికి జ్వరమే విసుగుపుట్టి వెళ్లిపోయేది. "ఇంకా బయల్దేరలేదు" అన్న మాట మాత్రం ఆ ఊళ్లో ఎవరి నోటా వినబడేది కాదు. అలా చెప్పడం వాళ్లకు ఎంతో నామోషీ.

మకరందుడు ఆ ఊరి పన్నీటి వర్తకుడి ఒక్కగానొక్క కొడుకు. మనసు మంచిది. కానీ పువ్వు కనబడితే పువ్వు దగ్గర, వాన కురిస్తే వాన దగ్గర ఆగిపోతాడు.

కొండకు అవతల పూలవీడు అనే ఊళ్లో హేలావతి ఉండేది. వరసకు మరదలే. పోయిన వసంతంలో తీర్థంలో కలిసినప్పుడు, "మరదలా, నీకు గాజులు తెస్తాను. రెప్పపాటులో వస్తా, ఇక్కడే ఉండు" అన్నాడు మకరందుడు. గాజులవాడి దుకాణంలో ఎండ పడి రంగులన్నీ మెరుస్తుంటే, చూస్తూ చూస్తూ మైమరచిపోయాడు. తిరిగొచ్చేసరికి తీర్థం ముగిసింది. డేరాలు విప్పేస్తున్నారు. ఖాళీ మైదానంలో హేలావతి ఒక్కతే కూర్చుని ఉంది. కళ్లు మాత్రం దారి మీదే ఉన్నాయి.

"బావా, నీ రెప్పపాటు ఎంత పొడుగో ఇవాళ తెలిసింది" అంది. గాజులు తొడిగించుకుంది. నవ్వింది కూడా. ఆ తర్వాత నెమ్మదిగా అంది. "నిన్ను పెళ్లాడతాను. కానీ ఇంకొక్కసారి నాకు ఉత్తుత్తి మాట చెప్పి ఇలా కూర్చోబెట్టావంటే, పీటల మీంచి లేచిపోతాను. చూసుకో మరి."

ఆ నవ్వు, ఆ మాట, రెండూ మకరందుడి గుండెలో అలాగే ఉండిపోయాయి.

పెళ్లిరోజు రానే వచ్చింది. సూర్యుడు కొండ నెత్తికెక్కే వేళకు లగ్నమని పూలవీటి సిద్ధాంతిగారు చెప్పారు. తెల్లవారగానే హేలావతి పెంచుకున్న గోరింక కొండ దాటి ఎగిరొచ్చి, చిటికెలపాలెం పందిట్లో వాలింది. ఆ గోరింక సామాన్యమైనది కాదు. విన్న మాట విన్నట్టే, అన్నవారి గొంతుతోనే అప్పజెప్పేది.

"పెళ్లివారూ, బయల్దేరారా?" అని అడిగింది.

పెళ్లికొడుకు తండ్రి ఒంటినిండా నువ్వుల నూనెతో పీట మీద కూర్చుని ఉన్నాడు. కుంకుడుకాయలు ఇంకా నానలేదు. తల్లి గోరింకను దగ్గరకు పిలిచింది. "బయల్దేరిపోయామని చెప్పవే బంగారూ. చిటికెలో అక్కడుంటాం."

గోరింక రివ్వున వెళ్లింది. తిరిగొచ్చి, పెళ్లికూతురి తల్లి గొంతుతో పలికింది. "వదినగారూ, అంతా సిద్ధం! బూరెలు పొగలు కక్కుతున్నాయి. చల్లారకముందే రండి."

"అయ్యయ్యో, బూరెలట!" అని అందరూ ఉలిక్కిపడ్డారు. తండ్రి ఉత్తి నీళ్లు పోసుకుని లేచాడు. నూనె వదల్లేదు. కట్టుకున్న పట్టుపంచె జారిపోతోంది. బండి కట్టబోతే ఎడమ ఎద్దు లేదు. అది తెల్లవారుజామునే తాడు తెంపుకుని చేలోకి పోయింది.

తండ్రి ఒక చేత్తో పంచె పట్టుకుని, "పొలిమేర దాటామని చెప్పవే" అన్నాడు గోరింకతో. "తాంబూలం నమిలేలోగా మీ ఊళ్లో ఉంటాం."

గోరింక వెళ్లింది, వచ్చింది. ఈసారి పెళ్లికూతురి తండ్రి గొంతు గంభీరంగా పలికింది. "బావగారూ, అమ్మాయి పీటల మీద కూర్చుంది. మీదే ఆలస్యం."

పీటలన్న మాట మకరందుడి చెవిన పడింది. మిద్దె దిగి పరుగెత్తుకొచ్చాడు.

పందిట్లో ఎవరి కంగారు వారిది. అత్తయ్యకు ఒక చెవికమ్మ దొరికింది, రెండోది దొరకలేదు. ఎద్దు దొరికింది, ఎద్దు కోసం వెళ్లిన పాలేరు కనబడలేదు. బాబాయి తలపాగా సగం చుట్టుకుని, రెండో కొస నోట్లో కరచిపట్టుకునే గోరింకకు కబురు చెబుతున్నాడు. "మీ వీధి మలుపులోనే ఉన్నామని చెప్పు! ఇలా రెప్ప వాల్చి అలా తెరిచేలోగా, మీ గుమ్మంలో!"

గోరింక రెక్క విప్పింది.

అప్పుడు మకరందుడికి హేలావతి కళ్లు గుర్తొచ్చాయి. వీధి మలుపు అనగానే ఆమె గుమ్మంలోకి వస్తుంది. మలుపు వంక చూస్తుంది. ఎవరూ రారు. మళ్లీ చూస్తుంది. ఖాళీ మైదానంలో చూసినట్టే చూస్తుంది.

"ఆగవే గోరింకా!" అని అరిచాడు.

గోరింక పందిరి గుంజ మీద వాలింది.

"ఆ కబురు తీసుకెళ్లకు. నేను చెప్పేది చెప్పు. మేమింకా బయల్దేరలేదు."

బాబాయి నోట్లోంచి తలపాగా కొస జారిపడింది.

"ఒరే, పరువు తీస్తావురా!" అని తల్లి నెత్తిన చేయి పెట్టుకుంది.

"మన ఇంటావంటా లేని మాట!" అన్నాడు తండ్రి.

అయినా మకరందుడు ఆగలేదు. "నాన్న ఒంటి నూనె వదల్లేదు. ఎద్దుకు పాలేరు లేడు, అత్తయ్యకు కమ్మ లేదు. అందరికంటే పెద్ద తప్పు నాది. పెళ్లినాడు కూడా మబ్బులు చూస్తూ కూర్చున్నాను. మేం సర్దుకుని, కొండ చుట్టూ తిరిగి రావాలంటే, ఒకే పొయ్యి మీద ఒకదాని తర్వాత ఒకటిగా మూడు కుండల అన్నం వండి వార్చేంతసేపు పడుతుంది. హేలావతీ, పీటల మీంచి లేస్తానంటే లే. నిన్నేమీ అనను. గుమ్మంలో మాత్రం నిలబడకు. కాళ్లు నొప్పెడతాయి."

గోరింక అతణ్ణి ఒకసారి తల వంచి చూసింది. ఎగిరిపోయింది.

మకరందుడు కొండ వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ పైన మబ్బులున్నాయి. అతను మబ్బుల్ని చూడలేదు. వాటి మధ్య ఒక నల్లచుక్క కోసం వెతికాడు. ఎదురుచూడటమంటే ఏమిటో అతనికి మొదటిసారి తెలిసొచ్చింది. రెప్పపాటు ఇంత పొడుగా!

చుక్క కనబడింది. రెక్కలైంది. గోరింక అతని భుజమ్మీదే వాలి, హేలావతి గొంతుతో పకపకా నవ్వింది.

"బావా! పీటల మీంచి ఎలా లేవమంటావు? అవింకా అటక మీదే ఉన్నాయి! బూరెలంటే అమ్మ ఏదో అంది గానీ, పొయ్యే రాజుకోలేదు. వంటవాళ్లు వంకాయలు తరుగుతున్నారు. నా జడ సగమే అల్లారు, మిగతా సగానికి పూలు తేవడానికి వెళ్లినవాడు చిటికెలో వస్తానని వెళ్లాడు. నువ్వు ఎంతసేపో నిజం చెప్పావు. ఇప్పుడే పొయ్యి రాజేయించి మొదటి కుండ పెట్టిస్తున్నాను. మూడో కుండ వార్చేసరికి రా. పరుగెత్తి రాకు, నింపాదిగా రా."

పందిరంతా గొల్లుమంది. తండ్రి నవ్వీ నవ్వీ మళ్లీ పంచె జార్చుకున్నాడు.

"ఓసి గోరింకా!" అంది నాయనమ్మ. "రెండిళ్లూ కళ్లారా చూస్తూనే ఉన్నావు కదే! ఒక్క ముక్క చెప్పకూడదూ?"

"మీరు ఇలా చెప్పమన్నారు, చెప్పాను. ఏం చూశావని ఒక్కరైనా అడిగితేగా!" అంది గోరింక.

ఇక కంగారు లేదు. దాచాల్సిందేమీ లేదు కనుక పనులు చకచకా సాగాయి. కుంకుడురసం నురగ కట్టింది. చెవికమ్మ నాయనమ్మ వక్కల సంచిలో దొరికింది. పాలేరు వచ్చాడు, మువ్వలు కట్టారు. బండ్లు పాటలు పాడుకుంటూ కొండ చుట్టూ తిరిగాయి. పూలవీటి వీధి మలుపు తిరగగానే గంజి వార్చిన కమ్మటి వాసన ఎదురొచ్చింది. మూడో కుండ!

హేలావతి గుమ్మంలో నిలబడలేదు. అరుగు మీద హాయిగా కూర్చుని ఉంది, నిండు జడతో. బండి దిగుతున్న మకరందుణ్ణి చూసి లేచింది. ఆ చూపుకే అతను మళ్లీ మైమరచిపోయేవాడు గానీ, బాబాయి వెనకనుంచి మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు.

అంతలో ఎవరో ఆకాశం వంక చూపించారు. సూర్యుడు కొండ నెత్తి దాటి, అవతలి వాలులోకి దిగుతున్నాడు.

లగ్నం దాటిపోయింది!

పాటలు ఆగిపోయాయి. తల్లులిద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. మకరందుడి ముఖం పాలిపోయింది. "నిజం చెప్పడం కూడా ఆలస్యంగానే చెప్పాను, మరదలా" అన్నాడు.

అందరూ సిద్ధాంతిగారి వైపు తిరిగారు. ఆయన ముందు నీళ్ల గంగాళం ఉంది. చేతిలో అడుగున చిల్లు ఉన్న రాగి గడియకుడక ఉంది. అది నీళ్ల మీద తేలుతూ, నిండి, మునిగితే ఒక గడియ గడిచినట్టు.

హేలావతి తేరిపార చూసింది. "తాతగారూ, ఆ కుడక పొడిగా ఉందేం? ఇంకా నీళ్లలో వేయనేలేదా?"

సిద్ధాంతిగారు గడ్డం గోక్కున్నారు. మకరందుణ్ణి చూశారు. గోరింకను చూశారు. చివరికి గొంతు సవరించుకున్నారు.

"ఇంత చిన్నవాడు నలుగురిలో నిజం చెప్పేశాక నేను దాచడం ఏం బాగుంటుంది! నాయనలారా, మీ రెండూళ్ల పెళ్లిళ్లూ చేయించి చేయించి నా గడ్డం నెరిసింది. మీ చిటికెలు నాకు తెలియవా? అందుకే సూర్యుడు కొండ నెత్తికెక్కే వేళకే లగ్నమని నేనూ అబద్ధం చెప్పాను. అసలు లగ్నం ఆవులు ఇంటికొచ్చే వేళకి. తాపీగా భోజనాలు చేయండి!"

ఎంతసేపు పడుతుందో ఉన్నది ఉన్నట్టు చెప్పడమే, మన కోసం ఎదురుచూసేవారికి మనం చేసే మొదటి మర్యాద.