నూకాలు గుడ్లు, గురవయ్య ధ్యానం

ఇది అబద్ధం అనగల మొనగాడు మీలో ఉంటే ఇప్పుడే లేచి నిలబడండి. కథ అయ్యాక లేస్తే ఒప్పుకోను. ఇందులో నేను కలిపింది ఆవగింజంత కూడా లేదు. మీరు తట్టుకోలేరని జరిగినదాన్నే సగానికి తగ్గించి చెబుతున్నాను.

గోదావరి నడుమ ఒక ఇసుక లంక. అక్కడ నూకాలు అనే తాబేలు గుడ్లు పెట్టింది. తాబేలు పక్షిలా గుడ్ల మీద కూర్చోదు కదా. ఇసుకలో పూడ్చేసి నీళ్లలోకి పోతుంది, అక్కణ్ణుంచి మనసులో తలుచుకుంటూ ఉంటుంది. ఆ తలపు వెచ్చదనానికే గుడ్లు పిల్లలవుతాయని వాళ్ల వంశంలో నమ్మకం. నూకాలుకు వచ్చిన చిక్కల్లా, తలుచుకుందామని కూర్చుంటే ఓసారి నత్తలు గుర్తొచ్చేవి, ఓసారి వదినగారితో పడ్డ తగువు గుర్తొచ్చేది. కిందటేడు ఆ పరధ్యానం వల్లే ఒక్క గుడ్డూ పిల్ల కాలేదు. ఈసారీ అంతేనేమోనని దానికి ఒకటే దిగులు.

ఈ సంగతి గుంటనక్క గురవయ్య చెవిన పడింది. వాడి ఆకలి సామాన్యమైంది కాదు. వాడు ఇక్కడ ఆవులిస్తే అవతలి గట్టు మీద కోళ్లు గూళ్లలో దూరేవి. లంకంతా తవ్వినా గుడ్ల జాడ దొరక్క, మర్నాడు ఒళ్లంతా బూడిద పూసుకుని ఒక దిబ్బ మీద పద్మాసనం వేశాడు. నక్క పద్మాసనం వేయడం మీరెవరూ చూసి ఉండరు. తోకను ఎక్కడ పెట్టుకోవాలన్నదే అందులో కష్టం.

నూకాలు వచ్చి దండం పెట్టి, మనసు నిలిచే మార్గం చెప్పమంది.

"మెట్లున్నాయమ్మా, ఒక్కొక్కటే ఎక్కాలి," అన్నాడు గురవయ్య. "ముందు ప్రత్యాహారం. ఇంద్రియాలన్నిటినీ లోపలికి లాక్కోవాలి."

నూకాలు తలా కాళ్లూ చిప్పలోకి లాక్కుంది. రుషులకు ఏళ్లకేళ్లు పట్టేది రెప్పపాటులో అయిపోయింది. గురవయ్యకు కంగారు పుట్టింది. తల లోపలుంటే చూపు ఎటుందో తెలిసేదెలా?

"చాలు చాలు, తల బయట పెట్టు. తర్వాతిది ధారణ. నీకు ప్రాణమైనది ఎక్కడుందో అటు తిరిగి, చూపూ మనసూ అక్కడే నిలుపు."

నూకాలు తిన్నగా గురవయ్య వైపే చూసింది.

"నన్ను కాదమ్మా. గురుభక్తి తర్వాత. నీ ప్రాణం ఎక్కడుందో అక్కడ."

"అదే కదా గురువుగారూ, సరిగ్గా..." అని నూకాలు చెప్పబోయేసరికి గురవయ్య కడుపు ఉరిమింది. ఎంతలా ఉరిమిందంటే, రేవులో పడవవాళ్లు వానొస్తుందని తెరచాపలు దించుకున్నారు. నూకాలు నోరు మూసుకుంది. గురువుగారి గడ్డం మీద కారుతున్న చొంగ కూడా అప్పుడే కంటపడింది. మెల్లగా పక్కకు తిరిగి, ఏటి వంపున మొసలి పేరంటాలు తన గుడ్లు పూడ్చుకున్న గట్టు మీద చూపు నిలిపింది.

"భేష్. ఇక ధ్యానం. నూనె ధార తెగకుండా పడ్డట్టు అదే తలపు సాగాలి. నేను పిలిచేదాకా కళ్లు తెరవకు. ఆ పైన సమాధి ఉందిగానీ, అది నీవల్ల కాదులే."

"మీవల్ల అవుతుందా గురువుగారూ?" అంది నూకాలు, కళ్లు మూసుకునే.

గురవయ్య అప్పటికే గట్టు మీద ఇసుక తవ్వుతున్నాడు. ఏమి తవ్వడం! పక్కనే నీళ్ల చప్పుడైంది, వాడి చెవికెక్కలేదు. అది ప్రత్యాహారం. ముక్కు గుడ్ల వాసన వదల్లేదు. అది ధారణ. పంజా ఆగకుండా ఆడుతూనే ఉంది. అది ధ్యానం. వెనక నుంచి ఎవరో వేడిగా ఊపిరి వదిలితే, తలైనా తిప్పకుండా కసిరాడు.

"కళ్లు మూసుకుని కూర్చోమన్నానా లేదా?"

"మూసుకునే వచ్చాను నాయనా," అంది పేరంటాలు. "నోరే తెరిచాను."

అప్పుడెక్కాడు వాడు చివరి మెట్టు. తనెవరో, ఎక్కడివాడో సర్వం మరిచిపోయాడు. తోక కొస పేరంటాలు పళ్ల మధ్య వదిలేసి ఒక్క గంతులో గోదావరి దాటాడు. కాలికి నీళ్లు తగల్లేదు. తగిలితే తగిలాయనే చెప్పేవాణ్ణి.

మళ్లీ ఏ గురువు వచ్చి గుడ్ల మీద కన్నేస్తాడోనన్న భయానికి నూకాలు మనసు మళ్లీ నత్తల వైపు పోతే ఒట్టు. గుడ్లన్నీ పిల్లలయ్యాయి. అవి బయటికొచ్చింది ఎక్కణ్ణుంచనుకున్నారు? గురవయ్య పద్మాసనం వేసిన దిబ్బ కింద నుంచే. పాపం, కాసేపు వాటిని పొదిగిన పుణ్యం కూడా వాడిదే.

మనసు నిలపడం దొంగకూ వచ్చు, దేని మీద నిలిపాడన్నదే చూడాలి.

ఇంకా అనుమానమా? ఏట్లో కొట్టుకొచ్చిన ఆ తోక కొసతోనే ఇప్పటికీ పడవ తుడుచుకుంటున్న మనిషి రేవులో ఉన్నాడు, వెళ్లి అడగండి. పేరు సంగాని లోవరాజు.