గంగులప్ప ఇంటి పొగగొట్టం

అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడం అయ్యవారికి అలవాటు లేదు. ఒకనాడు శిష్యుడు వేదాచలం, "మా అక్క ఒక విషయంలో నా మీద నొచ్చుకుని, కనబడినప్పుడల్లా అడిగేది. ఈమధ్య ఆ ఊసే ఎత్తడం లేదు. మరిచిపోయిందనుకోవచ్చా?" అన్నాడు. అయ్యవారు మదనపల్లె వైపు ఒక తాపీమేస్త్రీకి జరిగిన సంగతి చెప్పారు.

గంగులప్ప పొగగొట్టం కడితే ఆ వంటింటి గోడకు మసి అంటదని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. పెళ్ళయిన కొత్తలో తన ఇంటికీ తానే కట్టుకున్నాడు. పదేళ్ళు ఏ చింతా లేకుండా పొగ పైకి పోయింది. ఆపైన ఒక వానాకాలంలో భార్య మునెమ్మ, "పొగ ఎనక్కి తంతా ఉండాది. ఒకతూరి ఎక్కి చూడు" అంది.

"నేను కట్టిన గొట్టం ఎనక్కెందుకు తంతాది? కట్టెలు పచ్చివై ఉంటాయి" అన్నాడు గంగులప్ప.

ఆమె ఎండుకట్టెలు తెచ్చుకుంది. అయినా మళ్ళీ అడిగింది. రేపన్నాడు, పై వారమన్నాడు. ఊళ్ళోవాళ్ళ పిలుపులకే అతనికి పొద్దు చాలేది కాదు. రెండో వానాకాలం నడిమికి ఆమె అడగడం మానేసింది. వసారాలో కూర్చుని తిని లేచిపోయే మనిషి కనుక, పొగ దానంతటదే సర్దుకుందనుకున్నాడు. తన మాటే నిజమైందని లోలోపల కాస్త సంతోషపడ్డాడు కూడా.

ఇంకో ఏడాదికి మునెమ్మ చెల్లెలి కాన్పుకని పుట్టింటికి వెళ్ళింది. మరునాడు పొద్దున గంగులప్ప సంగటి కెలుక్కుందామని పొయ్యి రాజేశాడు. ఎసరు కాగకముందే కళ్ళు మండి, దగ్గు తెరలు తెరలుగా వచ్చి, తలుపు తడుముకుంటూ బయటపడ్డాడు. పెరట్లో కూలబడి చాలాసేపు ఆ తలుపు వైపే చూశాడు. ఇన్నాళ్ళూ, రోజుకు రెండు పూటలా, ఆమె ఆ లోపలే ఉంది.

నిచ్చెన వేసి ఎక్కాడు. గొట్టంలో ఒక ఇటుక జారి అడ్డం పడింది. దాని మీద గోరింకలు గూడు పెట్టి వదిలేసిన పుల్లలు, వాటి నిండా మసి. పుల్లలు లాగి, మసి గోకి, ఇటుక కూర్చి సున్నం పూశాడు. పొద్దు నడినెత్తికి రాకముందే అయిపోయింది. అంత కొద్ది పని కావడమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

నెలకు మునెమ్మ వచ్చింది. పొయ్యి రాజేస్తే పొగ నిట్టనిలువునా పైకి పోయింది. ఆమె తలెత్తి చూసి, "ఎంత సేపు పట్టింది?" అంది.

"ఒక పూట."

ఆమె పొగ లేని పొయ్యి ముందు కూర్చుని, మెడ పక్కకు వాల్చి, ముఖం గుమ్మం వైపు తిప్పుకుని, కళ్ళు సగం మూసి సంగటి కెలికింది.

"ఇప్పుడు పొగ లేదు గదా, ఇటు తిరుగు" అన్నాడు గంగులప్ప.

తిరిగింది. తెడ్డు రెండు చుట్లు తిప్పేలోపే మెడ మళ్ళీ అటే వాలింది. ఎన్నేళ్ళు చూసినా అంతే. ఏటా వానలకు ముందు అతను తప్పకుండా ఎక్కి మసి దులిపేవాడు. దిగి వచ్చి, ఆమె కూర్చునే తీరు చూడలేక వసారాలోకి పోయేవాడు.

అయ్యవారు ఆగారు. వేదాచలం తల వంచుకుని, "అయితే ఆలస్యంగా బాగుచేసింది లెక్కలోకి రాదా?" అన్నాడు.

"ఆమె అడిగినన్నాళ్ళూ అది గొట్టం పనే నాయనా. అడగడం మానేశాక గొట్టం బాగుచేస్తే తీరేది కాదు" అన్నారు అయ్యవారు.