పైడయ్య గుమ్మం ముందు కుండ

బర్మాలో, మౌల్మీన్ రేవులో ఓడ దిగి ఆరు నెలలైనా పైడయ్యకు ఆ ఊళ్ళో తలెత్తుకు నడవడం చేతకాలేదు. అతన్ని ఎవరూ ఒక్క మాట అన్నది లేదు. అదే అతని బాధ.

వీధివాళ్ళంతా కలిసి వెదురు గుడిసె వేసిపెట్టారు. బియ్యం మిల్లులో పని చూపించారు. డా మ్యా అనే పక్కింటి ముసలమ్మ అతనికి బర్మా మాటలు నేర్పేది. తప్పు పలికితే పడీపడీ నవ్వి, మళ్ళీ మొదట్నించీ చెప్పేది. బాటసారుల కోసం ఇంటింటి ముందూ నీళ్ళకుండ పెట్టడం అక్కడి ఆనవాయితీ. మిల్లు నుంచి వస్తూ పైడయ్య ఏ కుండలోనైనా ముంచుకు తాగేవాడు.

అతని గుడిసె ముందు మాత్రం కుండ లేదు.

వీధి చివర బౌద్ధ విహారంలో ఊ నందియ అనే ముసలి భిక్షువు ఉండేవాడు. మిల్లు కూలీల మధ్య తిరిగి తిరిగి తెలుగు నేర్చినవాడు. పైడయ్య రోజూ వెళ్ళి ఆయన పాదాల దగ్గర కూర్చునేవాడు. ఒకనాడు కడుపులో మాట కక్కేశాడు.

"ఈ వీధి వొదిలేసి ఎల్లిపోతాను బాబూ. అందరికాడా పుచ్చుకోడమే గానీ, నానెవలికేటిచ్చాను?"

"నీ గుమ్మం ముందు కుండ లేదేం?"

పైడయ్య తల దించుకున్నాడు. "నా సేతి నీళ్ళు ఎవలు తాగుతారు బాబూ? మా ఊళ్ళో మావోళ్ళు నుయ్యి ముట్టుకోడానికే నేదు."

భిక్షువు లేచాడు. విహారం అరుగు మీది కుండ భుజానికెత్తుకుని, ఆ వయసులో, మండుటెండలో నడిచి వెళ్ళి, పైడయ్య గుమ్మం ముందు పెట్టి వచ్చేశాడు.

మర్నాడు మిల్లుకు సెలవు. పొద్దున్నే పైడయ్య కుండ నింపాడు. నింపి, లోపలికి పోయి, తడిక సందులోంచి దొంగలా చూస్తూ కూర్చున్నాడు.

ఒక బండివాడు ఎడ్లను ఆపి దిగాడు. ముంత ముంచాడు. పైడయ్య ఇక ఉండబట్టలేక బయటికి పరుగెత్తి, వచ్చీరాని బర్మా మాటల్లో, "ఆ నీళ్ళు నేను పోసినవి," అన్నాడు, తప్పు ఒప్పుకుంటున్నవాడిలా.

అది తనతో ఎందుకు చెబుతున్నాడో బండివాడికి బోధపడలేదు. గటగటా తాగేసి, "చల్లగా ఉన్నాయి," అంటూ రెండో ముంత ముంచుకున్నాడు.

పైడయ్య తడిక పట్టుకుని ఏడ్చేశాడు.

మధ్యాహ్నం అతను రొప్పుతూ విహారానికి వచ్చిపడ్డాడు. "బాబూ, కుండ కాళీ అయిపోనాది! సుక్క మిగల్నేదు!"

ఊ నందియ విసనకర్ర పక్కన పెట్టి అతని వంక చూశాడు.

"మరి ఇక్కడేం చేస్తున్నావు? ఎండలో ఎవరో వస్తూ ఉంటారు."