గ్లాసు నిండా నీళ్లు

రెండేళ్లుగా మస్తాన్‌కు మనుషులతో మాటలు తగ్గిపోయాయి. ప్రయోగశాలలో తోటివాళ్లు ఒక్కొక్కరే పట్టా పుచ్చుకుని వెళ్లిపోయారు. మిగిలింది అతనూ, కంప్యూటరూ, దాని తెరమీద ఒక బొమ్మా.

అది చారల తల బాతు రక్తంలోని హిమోగ్లోబిన్ బొమ్మ. ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువును అందుకుని రెక్కల కండలకు చేరవేసేది అదే. గాలి పలచబడే హిమాలయాల మీదుగా ఆ బాతు ఎగిరి రాగలుగుతోందంటే దాని చలవ కూడా ఉంది. మస్తాన్ ఆ బొమ్మలో అక్కడో ముక్క, ఇక్కడో ముక్క మార్చి చూశాడు. చివరికి ప్రాణవాయువు మీద దాని పట్టు అసలు బాతుదానికన్నా ఆరింతలయింది. వ్యాసం రాసేశాడు. రేపు పత్రికకు పంపాలి. అది అచ్చయితేనే అతనికీ పట్టా.

పంపే ముందు గురువుగారు వింధ్యావళి ఒక్కసారి చూడాలి. ఆవిడ రిటైరై ఒంటరిగా ఉంటున్నారు. ఈమధ్య మరుపు. మందుసీసాల మీద, బీరువా తలుపు మీద చీటీలు అంటించుకున్నారు. పంచదార డబ్బా మీద "ఇది ఉప్పు కాదు" అని ఉంటుంది. మస్తాన్ లాప్‌టాప్ తీసుకుని ఆవిడ ఇంటికి వెళ్లాడు.

"టీ తాగావా నాయనా?"

"తాగాను మేడమ్," అని అబద్ధమాడి, లాప్‌టాప్ తెరిచాడు.

ఆవిడ తెరవైపు చాలాసేపు చూశారు. "ఇది కదలదేం?"

"పట్టుకున్న భంగిమలోనే బిగించేశాను మేడమ్. కదలనిస్తే లెక్క తేలడానికి నెలలు పడుతుంది. పట్టు చూడండి, బాతే సిగ్గుపడాలి!"

"ఊఁ." మళ్లీ, "టీ తాగావా?" అన్నారు.

మస్తాన్‌కు మనసు చివుక్కుమంది. చదువు కూడా మరుపున పడిపోయింది కాబోలు. ఇక తన పని అర్థమయ్యే మనిషే లేదు.

"కాసిని మంచినీళ్లు తెచ్చిపెట్టు."

తెచ్చాడు. ఆవిడ గ్లాసు మీద చెయ్యి వేశారు. "గట్టిగా పట్టుకో. నేను లాగినా వదలకు."

నవ్వుకుంటూ పట్టుకున్నాడు. ఆవిడ గ్లాసును నోటి దగ్గరకు లాక్కోబోయారు. రాలేదు. మళ్లీ లాగారు. గ్లాసు నిండా నీళ్లున్నాయి, ఇద్దరి మధ్య. ఆవిడ పెదవులు ఎండి పొరలు లేచి ఉండడం అతను అప్పుడే చూశాడు. పొద్దుటినుంచి నీళ్లు తాగారా అని అడిగే మనిషి ఆ ఇంట్లో లేదు.

ఆవిడ అతన్నే చూస్తూ ఇంకోసారి లాగారు.

మస్తాన్ నవ్వు మాయమైంది. చూపు తెరమీది బొమ్మ మీదికి పోయి, మళ్లీ ఆ పెదవుల దగ్గరికి వచ్చింది. వేళ్లు వాటంతటవే విడిపోయాయి.

ఆవిడ గటగటా తాగేశారు. చెంగుతో మూతి తుడుచుకుని, "ఇప్పుడు చేరాయి," అన్నారు.

అతను లాప్‌టాప్ మూసేశాడు. "రేపు పంపడం లేదు మేడమ్. ఇది వదులుతుందో లేదో చూడనేలేదు."

"ఏం పంపాలి?" ఆవిడ అతని ముఖంలోకి అయోమయంగా చూశారు. "అది సరే గానీ, టీ తాగావా నాయనా?"

"లేదు మేడమ్," అన్నాడు మస్తాన్, ఆవిడ కుర్చీ పక్కన కూర్చుంటూ.