కిటికీకి వీపు పెట్టిన పువ్వులు

అవతలి మనిషి ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేసే వకుళ అనే ఇల్లాలు రాజమండ్రిలో ఉండేది. మనసు వెన్నే. చెవులు మాత్రం కమ్మలు పెట్టుకోవడానికే.

ఆమె అత్తగారు సుందరమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. మూడు నెలలు మంచం దిగకూడదన్నాడు డాక్టరు. తూర్పు కిటికీ పక్కన మంచం వేశారు. నెల తిరక్కుండానే ఆవిడ మాట తగ్గించింది, తిండి తగ్గించింది. వకుళ ఏం వండిపెట్టినా రెండు ముద్దలు తిని గోడవైపు తిరిగి పడుకునేది. ఒకరోజు తనంతట తానే నోరు తెరిచి, చిన్నప్పుడు పుట్టింటి చేలో పొద్దుతిరుగుడు పూసేదనీ, గట్టుమీద నిలబడితే చేనంతా తననే చూస్తున్నట్టుండేదనీ చెప్పింది. నాలుగు పువ్వులు కళ్ళబడితే బాగుండునంది.

మర్నాడే వకుళ కడియంలో ఒక నర్సరీకి వెళ్ళింది. అక్కడ గంగరత్నం ముప్పై ఏళ్ళుగా మొక్కల పని చేస్తోంది. బడి మెట్టెక్కలేదు గానీ, ఆకు తిప్పి చూసి మొక్క జబ్బు చెప్పేది. ఏ మొక్కనూ ఊరికే అమ్మేది కాదు. పిల్లనిచ్చే తల్లిలాగ, అది వెళ్ళబోయే ఇంటి గురించి అడిగేది.

"పువ్వు చూసేదెవరండీ? వాళ్ళు కూర్చునేది ఏ పక్క..."

"కిటికీ ముందు పాతుతాను. ఎండ బోలెడు. మొగ్గ తొడిగినవి పది ఇవ్వు."

"అది కాదండీ, కిటికీ తూర్పుకా, పడ..."

"పొద్దుతిరుగుడుకి తూర్పైతేనేం, పడమరైతేనేం? పొద్దున అటు, సాయంత్రం ఇటు. ఆ మాత్రం నాకు తెలీదా?"

గంగరత్నం ఇంకోసారి నోరు తెరిచింది. వకుళ అప్పటికే ఆటో పిలుస్తోంది.

మొక్కల్ని కిటికీ అవతల వరసగా పాతింది. మొగ్గలు సూర్యుడి వెంట తిరుగుతుంటే సుందరమ్మ పొద్దస్తమానం వాటినే చూసేది. సాయంత్రం అవి ఇంటివైపు వాలితే ఒక ముద్ద ఎక్కువ తినేది. పదిహేనో రోజుకి పది పువ్వులూ విచ్చుకున్నాయి. పదీ తూర్పుకి తిరిగి కిటికీకి వీపు పెట్టాయి. సాయంత్రమైనా కదల్లేదు. మర్నాడూ అంతే. రోడ్డున పోయేవాళ్ళు ఆగి మరీ మెచ్చుకున్నారు.

"పోనీలే అమ్మాయ్, పువ్వులు కూడా మొహం చాటేశాయి" అని సుందరమ్మ గోడవైపు తిరిగింది. ఆ పూట ఎంగిలి పడలేదు.

వకుళ మండిపడుతూ నర్సరీకి వెళ్ళి, చెడ్డ మొక్కలు అంటగట్టావని గంగరత్నాన్ని దులిపేసింది. ఆమె మట్టి చేతులు కడుక్కుంటూ అంతా విన్నది.

"మొక్క మంచిదేనండి. మొగ్గగా ఉన్నన్నాళ్ళే పొద్దుతో తిరుగుద్ది. పూశాక మెడ బిగిసిపోద్ది, ఇక తూరుపుకే ఉంటది. తూరుపు కిటికీ అయితే లోపలోళ్ళకి వీపే. చూసేదెవరని అందుకే అడిగానండి."

వకుళకు జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. గోడవైపు తిరిగిన అత్తగారు కళ్ళలో మెదిలింది. వచ్చిన జవాబు మింగేసింది. ఇప్పుడేం చెయ్యాలని అడిగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకుని నిలబడింది.

గంగరత్నం కుండీల్లో పూసిన వాటిలోంచి, రేకులు విచ్చి నడుమ ఇంకా ముదరనివి, కాడ లావుగా ఉన్నవి ఆరు ఏరింది. మెడ బిగిసిన పువ్వు గనక కుండీ ఎటు తిప్పిపెడితే అటే చూస్తుందని చెప్పింది. చూసేదెవరని మళ్ళీ అడిగింది. మంచం దిగలేని అత్తగారని చెప్పింది వకుళ. అయితే కుండీలు నేలమీద వద్దని, కిటికీ ఎత్తుకి బల్ల వేసి పెట్టమంది గంగరత్నం. ఆ ఎత్తు సంగతి వకుళకు తట్టనే లేదు. ఇంత తెలిసిన మనిషి ముందా తాను నోరు పారేసుకున్నదని సిగ్గుపడి, చేతులు జోడించింది.

మర్నాడు సుందరమ్మ కళ్ళు తెరిచేసరికి ఆరు పచ్చటి మొహాలు ఆవిడనే చూస్తున్నాయి. ఒక్కో మొహాన్నీ వరసగా చూసుకుంటూ పోయింది.

"అమ్మాయ్, ఆ రెండోదాన్ని కాస్త పక్కకు జరుపు, వెనకదాని మొహం కనబడ్డంలేదు" అంది చివరికి. "ఇంతకీ ఇవాళ కూరేమిటి?"

నీతి: పని తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్నలోనే మనకు కావలసిన జవాబు సగం ఉంటుంది. దాన్ని చివరిదాకా విననివారు ఎంత ప్రేమతో చేసిన పనైనా, ఎవరికోసం చేశారో వాళ్ళకు అందదు.