చింతగింజల చెయ్యి

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనుకోవద్దు. పరాయి దేశంలో, నడిబజార్లో, వందమంది చూస్తుండగా నేనొక పెద్దాయన్ని దొంగ అన్నాను. ఆయన దొంగ కాదు. అదీ జరిగింది.

ఇక వినండి. అనగనగా ఓ ఊరు. విమానమెక్కి పోవాలి. పేరు చెబితే మీ నోరూ తిరగదు, నా నోరూ తిరగదు. కొండ మీద కోట, కోట కింద ఏరు, ఏటి మీద రాతి వంతెన, వంతెన దాటితే రాళ్ళు పరిచిన పెద్ద చౌకు. రాజులు పోయారు గానీ చౌకు పోలేదు. డిసెంబరు వచ్చిందంటే అక్కడ క్రిస్మస్ సంత. మీ ఇందు అత్త, అదే, మీ మావయ్య పెళ్ళాం, దానికి ఆ ఊళ్ళో నెల రోజులు ఆఫీసు పని పడితే తోడుగా నన్ను తీసుకెళ్ళింది.

సాయంత్రం నాలుగింటికే చీకటర్రా! నాకు అక్కడే మొదటి దెబ్బ. వరసగా చెక్క కొట్లు, కొట్టు కొట్టుకీ దీపాలు, దీపం దీపం మీదా మంచు. అల్లం రొట్టెల పక్కన కొవ్వొత్తులు, కొవ్వొత్తుల పక్కన చెక్క గుర్రాలు. ఒకచోట గుండిగలో ఏదో మరుగుతోంది. లవంగాలు, దాల్చినచెక్క వాసన. జలుబుకి కషాయం పంచుతున్నారు కాబోలు, ఎంత మంచి సర్కారు అనుకున్నాను.

"అత్తయ్యా, అది ద్రాక్ష సారా" అంది ఇందు.

నేను నోరు మూసుకోవడం మర్చిపోయాను. ముసలీ ముతకా అంతా నిలబడి, ఊదుకుంటూ మరీ తాగుతున్నారు!

ఊ కొడుతున్నారా? విక్కీ, గోళ్ళు కొరకడం ఊ కొట్టడం కాదు.

చౌకు మధ్యలో పశువులపాక కట్టారు. మేరీ తల్లి, యోసేపు, ఆవు, గాడిద, గొర్రెలు, అన్నీ నిలువెత్తు కొయ్య బొమ్మలు. రంగు వేయలేదు. నేను కొండపల్లి దాన్ని, మా నాన్న బొమ్మలు చేసినవాడు, బొమ్మ కనిపిస్తే నా కాళ్ళు కదలవు. గడ్డి తొట్టెలో పిల్లాడు పడుకుని ఉన్నాడు. చూస్తున్నానా, చూస్తుండగానే గడ్డం ముసలాయన ఒకాయన కంచె దాటి లోపలికొచ్చాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, పిల్లాణ్ణి తీసి కోటులో దోపుకుని చరచరా నడిచిపోయాడు.

"దొంగ! దొంగ! పిల్లాణ్ణి ఎత్తుకుపోతున్నాడు!" అని పచ్చి తెలుగులో అరిచి, పరిగెత్తి కోటు పట్టుకు లాగాను. కోటు ఊడింది, పిల్లాడు జారాడు, రాతి మీద పడ్డాడు. కుడి చెయ్యి మణికట్టు దగ్గర పుటుక్కున విరిగింది. విరిగిన ముక్క ఎవరి బూటు కింద పడిందో, పిండైపోయింది.

జనం మూగారు. ఇందు వచ్చి ఆయనతో వాళ్ళ భాషలో రెండు ముక్కలు మాట్లాడి, మొహం తెల్లబోయి నా వైపు తిరిగింది. ఆయన పేరు అలోయిస్ అట. ఆ బొమ్మలన్నీ ఆయన తాతగారు చెక్కినవట. పాకకి కాపలా ఆయనేనట. అక్కడి వాళ్ళ పద్ధతిలో ఇరవైనాలుగో తారీకు దాకా తొట్టె ఖాళీగా ఉంచాలట, పిల్లాడు అప్పటికింకా పుట్టలేదు కదా! గడ్డి సరిపోయిందో లేదో చూసుకోవడానికి పెట్టి తీశాడట.

మన వీధిలో రోజమ్మగారింట్లో పాక కట్టిన రోజే పిల్లాణ్ణి పడుకోబెట్టేస్తారు. నేను చూసింది అదొక్కటే. లోకమంతా రోజమ్మగారిల్లే అనుకున్నాను.

అంతలో సంత పెత్తనం చేసే నల్లకోటావిడ వచ్చింది. నన్ను చూడను కూడా చూడలేదు. ఆయన వణికే చేతుల్నే చూసింది. "మళ్ళీ పడేశావా? ఇరవైనాలుక్కి బొమ్మ బాగవకపోతే పాక తాళం ఇంకొకరికి ఇస్తాం, ప్లాస్టిక్ బొమ్మలు పెట్టుకుంటాం" అంది. ఇందు అడ్డుపడి చెప్పబోతే వినకుండా, ఆయన దగ్గరున్న తాళంచెవి తీసుకుని సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. విరగ్గొట్టింది నేను, తాళం పోయేది ఆయనకి! ఆయన బొమ్మని కోటులో చుట్టుకుని వెళ్ళిపోయాడు. నన్ను తిట్టినా బాగుండేది.

మర్నాడు వెతుక్కుంటూ ఆయన పనికొట్టుకి వెళ్ళాం. ఎనిమిది రోజులే గడువుంది. అతికిద్దామంటే ముక్క మిగిలితేగా! కొత్తది చెక్కుదామంటే చిటికెన వేలంత చెయ్యి, ఆయన ఉలి నిలవడం లేదు. బజార్లో లప్పం కొనుక్కొస్తానంది ఇందు. ఆయన తల అడ్డంగా ఊపాడు. తాత చేతి కొయ్యకి ఆ రసాయనాలు తగలనివ్వడట.

నేను గదిలో తలపట్టుకు కూర్చుంటే ఇందు వచ్చింది.

"అత్తయ్యా, మీ నాన్నగారు బొమ్మలకి చేతులు దేంతో అతికేవారు?"

"మక్కుతోనే. చింతగింజల పిండి, రంపప్పొట్టు."

"పొట్టు ఆ కొట్టు నిండా ఉంది. చింతగింజలు మన గదిలో ఉన్నాయి."

నిజమే! గింజ తీయని చింతపండు తెచ్చావేమే బద్ధకిష్టీ అని వచ్చిన రోజే దాన్ని తిట్టాను. ఇప్పుడది నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇంకో రెండు తిట్లు తిట్టండి, పులుసు కూడా పెడతాను" అంది.

ఇక చూడండి. గింజ వేయిస్తే తొక్క ఊడింది, తొక్క ఊడితే పప్పొచ్చింది, పప్పు నానితే మెత్తబడింది, మెత్తబడితే నూరాం, నూరితే పిండి, పిండి ఉడికితే బంక, బంకలో పొట్టు కలిపితే మక్కు. నలభై ఏళ్ళయింది నేను మక్కు ముట్టుకుని. మొదటి చెయ్యి కప్పకాలులా వచ్చింది. రెండోదానికి ఆరు వేళ్ళు. నవ్వకండి! మూడోది ఆరాక పగిలింది. నాలుగోది నిలిచింది. ఆయన భూతద్దం పెట్టి ఒక్కో వేలూ చూసి, గరుకు కాగితంతో తనే నునుపు చేశాడు. ఆ పనికి మాత్రం ఆయన చేతులు వణకలేదు.

ఇరవైనాలుగో తారీకు వచ్చింది. చౌకంతా జనం. నల్లకోటావిడ కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది. చెయ్యి రంగు కాస్త ముదురుగా ఉందే అంది. నేను ముందుకెళ్ళి చెప్పాను, కాలేజీలో పాతికేళ్ళు పాఠాలు చెప్పిన గొంతుతో, ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా: ఈయన దొంగ కాదు, బొమ్మని పడేసినవాడూ కాదు. దొంగన్నదాన్నీ నేనే, విరగ్గొట్టినదాన్నీ నేనే, చెయ్యి చేసినదాన్నీ నేనే.

ఆవిడ నన్ను చూసింది, ఆయన్ని చూసింది, సంచిలోంచి తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది.

అప్పుడాయన ఏం చేశాడో తెలుసా? పిల్లాణ్ణి తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. నువ్వే పడుకోబెట్టు అని తొట్టె చూపించాడు. తన్ను దొంగన్నదాని చేతుల్లో పెట్టాడర్రా! గడ్డి సర్ది పడుకోబెట్టాను. గంటలు మోగాయి. ఇందు కళ్ళు తుడుచుకుంటూ, చలికి అని చెప్పింది.

కథ కంచి బస్సెక్కింది, మీరిక దుప్పట్లోకి ఎక్కండి. ఏమిటి మేధా, నీతా? తెలియనిది చూస్తే ముందు అడగాలి, తర్వాత అరవాలి. అంతే.

ఆ తొట్టె దగ్గరే నేనొకటి అనుకున్నాను, దొంగ అనే మాట ఇక ఎవరినీ అనకూడదని. ఇప్పటికి ఆరేళ్ళు, అనలేదు. మొన్న మన పెరట్లో ఇత్తడి కుళాయి ఊడబెరుక్కుపోయాడే, పోలీసాయన ఎవరి మీద ఫిర్యాదు అని అడిగితే, కుళాయి పట్టుకెళ్ళినాయన మీద అనే రాయించాను.